మైపాడులో ఏ పనీ లేని రోజు

"సముద్రం చూడ్డానికా? దేనికి?"

మా ఆయన అడిగిన ఈ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఆలోచిస్తే ఆయన తప్పు కూడా ఏం లేదు. మా ప్రొద్దుటూరులో ఆడవాళ్ళు ఊరు దాటాలంటే ఒక కారణం ఉండాలి. పెళ్ళి, పురుడు, చావు, ఆస్పత్రి, తిరుపతి... ఈ అయిదింటిలో ఏదో ఒకటి. బంగారం కొనాలన్నా, బట్టలు కొనాలన్నా బయటి ఊళ్ళవాళ్ళే మా ఊరికి వస్తారు కాబట్టి ఆ సాకు కూడా లేదు. ఇక ఊరికే నీళ్ళు చూసి రావడానికి వంద మైళ్ళ పైచిలుకు ఎవరైనా పోతారా?

పోయాం. మా అత్త, పులివెందుల్లో కాపురం ఉండే మా వదిన (మా ఆయన అక్క), నేను. ఒక కథకు వచ్చిన పారితోషికానికి చీటీ డబ్బులు కలిపి, నెల్లూరు దగ్గర మైపాడులో సముద్రం ఒడ్డున ఓ చిన్న కాటేజీ రెండు రాత్రులకు మాట్లాడుకున్నాను. మగతోడు లేకుండా ఎట్లా అని మా ఆయన ఓ పూట గొణిగాడు. "ముగ్గురు ఆడోళ్ళం ఉండాము కదరా, ఇంకేం తోడు?" అంది మా అత్త. ఆ మాటతో సంచులు సర్దేశాం.

మా ముగ్గురిదీ నీళ్ళ కోసం కాచుకునే బతుకే. నేను పుట్టింది జమ్మలమడుగులో. చిన్నప్పుడు ఎండాకాలం వస్తే పెన్నలో ఇసుక తప్ప ఏమీ ఉండేది కాదు. ఆ ఇసుకలో మోకాటి లోతున చెలమ తోడి, ఊరే దాకా కూర్చుని, ముంతతో ముంచి బిందె నింపుకునేవాళ్ళం. మా వదినకు చీనీ తోట ఉంది. ఎన్ని వందల అడుగులు బోరు వేసినా దుమ్మే లేచిన రోజులు ఆమె చూసింది. చిత్రావతి నీళ్ళు వచ్చాక కొంత ఊపిరి పీల్చుకున్నారు గానీ, ఇప్పటికీ డ్రిప్పు పైపులో నీటిచుక్క రాలడం చూస్తూ నిలబడిపోతుంది. ఇక మా అత్త సంగతి... అది తర్వాత చెప్తాను.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా పోయే రోడ్డే మైదుకూరు, బద్వేలు దాటి, వెలికొండలెక్కి దిగి నెల్లూరు చేరుస్తుంది. నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్లు. దారిలో వరి మళ్ళు, తర్వాత రొయ్యల గుంటలు. గుంటల్లో తిరిగే చక్రాలు చూసి "ఇన్ని నీళ్ళు పెట్టుకోని ఇంకా చిలకడమెందుకు?" అంది మా వదిన. రొయ్యలకు గాలి అందడానికని డ్రైవరు చెప్పాడు. "మన చీనీచెట్లు నయం, గాలైనా సొంతంగా పీల్చుకుంటాయి" అంది.

మేం పోయింది మాఘ పౌర్ణమి రాత్రి. పౌర్ణమి రోజు సముద్ర స్నానాలకు జనం విరగబడతారు. వాళ్ళంతా వెళ్ళిపోయాక చేరాలని కావాలనే ఆలస్యంగా బయల్దేరాం. మీరు పోదల్చుకుంటే ఈ కిటుకు గుర్తుంచుకోండి. పర్వదినం మరునాడు సముద్రం అదే, జనం మాత్రం ఉండరు.

కాటేజీ అంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, ముందు వరండా, మూడు ప్లాస్టిక్ కుర్చీలు. అందులో ఒకదానికి కాలు సరిగా లేదు. కొళాయిలో వచ్చే నీళ్ళు ఉప్పగా ఉండి సబ్బు నురగ రాదు. కానీ వరండా మెట్టు దిగితే ఇసుక, నాలుగు సరుగుడు చెట్లు, ఆపైన అంతా సముద్రమే.

పొద్దున అయిదింటికే మెలకువ వచ్చింది. అలవాటు! లేచి కూర్చున్నాక ఏం చేయాలో తెలియలేదు. పాలు కాచే పని లేదు, నీళ్ళు పట్టే పని లేదు, ఎవరి డబ్బాలో ఏం పెట్టాలో ఆలోచించే పని లేదు. వెనక నుంచి చీపురు చప్పుడైంది. మా వదిన వరండా ఊడుస్తోంది. ఊడ్చిన చోటే గాలికి మళ్ళీ ఇసుక పడుతోంది. మూడుసార్లు ఊడ్చి, చీపురు గోడకానించి, "ఇది తెగే పని కాదు మే" అని వచ్చి కుర్చీలో కూలబడింది. నాకు తెలిసి మా వదిన పొద్దు పొడవక ముందు ఊరికే కూర్చోవడం అదే మొదలు.

తూర్పు తీరం కదా, సూర్యుడు నీళ్ళలోంచే లేచాడు. దాన్ని వర్ణించబోవడం లేదు. ఇన్నేళ్ళుగా కథలు రాస్తున్నా నా కథల్లో ఒక్కదాంట్లోనూ సముద్రం లేదు. మాటలు సులువుగా రావు.

మేం గమనించింది వేరే. ఆరు గంటలప్పుడు దూరంగా విరుగుతున్న అల, ఎనిమిదయ్యేసరికి మా చెట్ల దగ్గర దగ్గరకు వచ్చింది. తొమ్మిది దాటాక ఒక అల వచ్చి, రాత్రి ఎవరో వదిలేసిన కొబ్బరి చిప్పను ఎత్తుకుపోయింది. మా వదినకు పంతం పుట్టింది. ఎండు సరుగుడు కొమ్మ తెచ్చి, నీళ్ళు వచ్చి ఆగిన చోట గుచ్చింది. అంతే, ఆ రోజంతా మాకు ఆ పుల్లే గడియారం. పదకొండింటికి తడి ఇసుక పుల్లకు కిందుగా దిగింది. పన్నెండున్నరకు ఇంకా కిందికి. మూడు దాటాక మా వదిన అంగలు వేసి కొలిచింది. పుల్లకూ నీళ్ళకూ మధ్య పద్దెనిమిది అంగలు!

పుస్తకాల్లో ఆటుపోట్లు అని చదువుకున్నాం. నీళ్ళెక్కడం పోటు, దిగడం ఆటు. చేపల గంప దించుకుని మా వరండా నీడన కాసేపు కూర్చున్న ఒకామె మాత్రం పోటు, పాటు అంది. పాటు అంటే పడిపోవడం. వినడానికి అదే బాగుంది. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు పన్నెండు గంటల పాతిక నిమిషాలు. అందుకే ఈ రోజు తొమ్మిదింటికి వచ్చిన పోటు రేపు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. చంద్రుడు కూడా రోజుకు ఇంచుమించు అంతే ఆలస్యంగా ఉదయిస్తాడు కదా, సముద్రం ఆయన గడియారాన్నే నమ్ముకుంది. తిథి తెలిస్తే వాచీ అక్కర్లేదమ్మా అంది చేపలావిడ.

ఇక పౌర్ణమికి, అమావాస్యకు నీళ్ళెందుకు ఎక్కువ ఎక్కుతాయంటే, ఆ రోజుల్లో సూర్యుడూ చంద్రుడూ భూమితో ఒకే వరసలో ఉండి కలిసి లాగుతారు. అష్టమి ప్రాంతంలో ఒకరు ఇటు, ఒకరు అటు లాగుతారు కాబట్టి పోటు తగ్గుతుంది. నేను ఇది వివరిస్తుంటే మా వదిన నడుమ అందుకుంది. "అర్థమైందిలే. మొగుడూ అత్తా ఒకే మాట మీద ఉంటే కోడలు ఎంత దూరం జరగల్ల, అట్ల!" మా అత్త వినీ విననట్టు బొరుగుల ఉంట కొరుక్కుంటూ, "ఎవురి అత్త మే?" అంది.

మా దగ్గర నీళ్ళు ఎక్కి దిగేది నిలువున కొలిస్తే ఓ మీటరు, అంతే. ఒడ్డు వాలుగా ఉంటుంది కాబట్టి పద్దెనిమిది అంగల దూరం అనిపిస్తుంది. గుజరాత్‌లో భావనగర్ వైపు ఇదే తేడా పది మీటర్ల దాకా ఉంటుంది. ఖంభాత్ అఖాతం గరాటులాగా సన్నబడిపోవడంతో నీళ్ళన్నీ ఒక్క చోటికి ఒత్తుకొస్తాయి. మూడంతస్తుల మేడంత నీళ్ళు రోజుకు రెండుసార్లు రావడం, పోవడం ఊహించుకోండి!

ఆటు బాగా దిగిన తర్వాత అసలైన వేడుక. తడి ఇసుక మీద బియ్యపు రవ్వంత ఇసుక ఉండలు, వేలకు వేలు, ఒక చిన్న బొరియ చుట్టూ గీతలు గీతలుగా పరిచి ఉన్నాయి. అచ్చం చుక్కల ముగ్గు! చూస్తే, వేలిగోరంత పీతలు. ఇసుకను నోట్లో పెట్టుకుని, అందులో తిండి ఏదైనా ఉంటే తినేసి, మిగిలింది ఉండ చేసి పక్కన పెడతాయి. మళ్ళీ పోటు వచ్చి చెరిపేసే లోపల వాటి వంటా భోజనం అంతా అయిపోవాలి. మేం దగ్గరకు పోతే బొరియలో దూరతాయి. కదలకుండా రెండు నిమిషాలు కూర్చుంటే మళ్ళీ బయటకు వస్తాయి. మేం కదలకుండా గంట కూర్చున్నాం. ఈ మధ్యలో మా ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. ఒకసారి కందిపప్పు డబ్బా ఎక్కడని, ఇంకోసారి పప్పులో ఎన్ని నీళ్ళు పోయాలని.

ఆ పీతల పక్కనే, నీళ్ళు దిగిపోయిన ఇసుక మీద అలలు అలలుగా గీతలు మిగిలాయి. దువ్వెనతో దువ్వినట్టు. చూడగానే ఎక్కడో చూశాననిపించింది. ఎక్కడ? కాసేపటికి గుర్తొచ్చింది. గండికోటలో!

బళ్ళో ఉండగా గండికోటకు పోయినప్పుడు, పెన్న ఎర్రమల కొండల్ని చీల్చుకుపోయే ఆ లోయ అంచున, బండ మీద సరిగ్గా ఇలాంటి గీతలే చూశాను. "దేవుడు దువ్వినాడు పాపా" అని మా జేజి చెప్పింది. డిగ్రీ చదివేటప్పుడు అసలు సంగతి తెలిసింది. కడప జిల్లాలో చాలా భాగం వంద కోట్ల సంవత్సరాలకు పూర్వం లోతులేని సముద్రం. ఆ ఇసుకే గట్టిపడి రాయైంది. అప్పటి నీళ్ళు గీసిన గీతలు రాతిలో అలాగే నిలిచిపోయాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ రాతి పొరలకు మన ఊళ్ళ పేర్లే పెట్టారు. గండికోట, పులివెందుల, వేంపల్లె. వేంపల్లె సున్నపురాయిలోనైతే, ఆనాటి సముద్రపు ఒడ్డున నాచు పొర మీద పొరగా పెరిగిన గుర్తులు కూడా ఉన్నాయి. మన ఇళ్ళలో పరుచుకునే కడప బండలు ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురదే. ఇన్నేళ్ళూ సముద్రం అడుగు మీద పీట వేసుకుని కూరగాయలు తరుగుతూ, నేను సముద్రం చూడలేదని బాధపడ్డానన్నమాట!

మా వదినకు ఈ సంగతి తెగ నచ్చింది. "అంటే పులివెందులకి సముద్రం వచ్చిపోయిందా? మేం బోర్లు వేసేటప్పటికి మాత్రం యాడా లేకపాయె" అంది.

ఒక మాట జాగ్రత్త కోసం. మైపాడులో నీళ్ళలోకి దిగి తిరిగి రాని పిల్లల వార్తలు మీరూ చదివే ఉంటారు. ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలు పైకి కనబడవు. ఎప్పుడైనా అందులో చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకూడదు, అలసిపోతాం. పక్కకు, ఒడ్డుకు సమాంతరంగా ఈది ఆ లాగుడు లోంచి బయటపడాలి. ఈత రాకపోతే మోకాలి లోతు దాటకపోవడమే మేలు. మేం పాదాలు తడుపుకోవడంతో సరిపెట్టాం. ఇంకొకటి. ఆటు అనేది ఆరు గంటల పని, నింపాదిగా జరుగుతుంది. నిమిషాల్లో సముద్రం వెనక్కి పోయి అడుగు బయటపడిందంటే అది ఆటు కాదు, చూస్తూ నిలబడకూడదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు కొన్ని తీరాల్లో అలా నీళ్ళు వెనక్కి పోతే, వింతగా ఉందని ముందుకు నడిచినవాళ్ళు ఎందరో పోయారు. ఆ రోజు నెల్లూరు తీరం కూడా దెబ్బతింది. ఈ మాట వచ్చినప్పుడు చేపలావిడ నవ్వడం ఆపేసింది. మేం ఇంకేమీ అడగలేదు.

తాగే నీళ్ళెక్కడివని మాత్రం అడిగాను. ఈ తీరాల్లో ఇసుకలో దొరువులు తవ్వుతారు. ఇటు అంత ఉప్పు సముద్రం పెట్టుకుని, కాస్త ఎగువన ఇసుకలో తవ్వితే తియ్యటి నీళ్ళు! వాన నీళ్ళు ఇసుకలో ఇంకి, ఉప్పు నీటి కన్నా తేలిక కాబట్టి దాని మీద తేలి ఉంటాయి. మరీ లోతుకు తవ్వినా, మోటార్లు పెట్టి తోడేసినా ఉప్పు పైకి వచ్చేస్తుంది. పైపైన, ఓపిగ్గా ముంచుకోవాలి. మా పెన్న చెలమే కదా ఇది! మా అత్త "మేమూ అట్లనే తోడుకుంటాంటిమి" అంటూ చేతులతో చూపించింది. చేపలావిడ కూడా చేతులతోనే జవాబు చెప్పింది. ఇద్దరూ గాలిలో చెలమలు తవ్వారు.

అప్పుడే మా అత్త అడిగింది. "పెన్న యాడ కలుస్తాదమ్మా సముద్రంలో?"

"అదో, ఆ దిక్కున. ఊటుకూరు కాడ" అని ఉత్తరానికి చెయ్యి చూపించిందామె.

అత్త కుర్చీని అటు తిప్పుకుంది.

మా మామ 2019 ఎండాకాలంలో పోయాడు. పెన్నలో చుక్క నీరు లేదు. అస్థికలు కలపాలంటే ఇసుకలో చెలమ తోడితే అడుగున కాస్త చెమ్మ తగిలింది. బిందెలతో తీసుకుపోయిన నీళ్ళు అందులో పోసి, ఆ నీళ్ళలోనే కలిపి, మళ్ళీ ఇసుక కప్పి వచ్చారు. ఊళ్ళో చాలామందికి అంతే, కొత్తేం కాదు. మా అత్త అప్పుడేమీ అనలేదు. కానీ 2021 నవంబరులో పెన్నకు పెద్ద నీళ్ళు వచ్చాయి. అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేటి ఒడ్డు ఊళ్ళు కొట్టుకుపోయిన వాన అది. ఆ వారమంతా టీవీ ముందు కూర్చుని ఆ ఊళ్ళవాళ్ళ కోసం కళ్ళు తుడుచుకుంటూనే, ఒక రాత్రి మెల్లగా అడిగింది. "ఈ నీళ్ళకి మీ మామ సముద్రానికి పోయింటాడంటావా?" పోయుంటాడులే అత్తా అన్నాను. "నడుమ సోమశిల డ్యాం ఉండాది కద. గేట్లు ఎత్తినారో లేదో" అంది.

ఈ ప్రయాణానికి అసలు కారణం అదేనని నాకప్పటికి తట్టలేదు. నా సరదాకు తోడు వస్తోందనుకున్నాను.

కుర్చీ అటు తిప్పుకుని చాలాసేపు కూర్చుంది. నేను ఆటో మాట్లాడి అక్కడి దాకా పోదామా అన్నాను. వద్దంది. చేపలావిడ చెప్పుకుపోతూనే ఉంది. పోటప్పుడు సముద్రం నీళ్ళే ఏట్లోకి ఎదురెక్కుతాయట, పాటు తగిలినప్పుడు మళ్ళీ ఇటు దిగుతాయట.

"అయితే పోయిన నీళ్ళు మళ్ళా ఎనక్కి వస్తాయా?" అంది అత్త.

"కొంచెం దూరం వస్తాయి మా."

"ప్రొద్దుటూరి దాకా రావులే" అని తనే అనేసుకుంది. తర్వాత మా వదినను పిలిచి చీనీకాయ ఒలిచిపెట్టమంది. తొనలు ఒక్కొక్కటే తింటూ, విత్తనాలు చేతిలోనే పట్టుకుని, చీకటి పడే దాకా అటే చూసింది. మేమూ పలకరించలేదు.

చీకటి పడిన కాసేపటికి, నీళ్ళ అంచున నిప్పు రాజుకున్నట్టు ఎర్రగా చంద్రుడు పొడిచాడు. పాడ్యమి చంద్రుడు, పక్కన కాస్త అరిగాడు. అప్పటికే అల మళ్ళీ పైకి ఎక్కుతోంది. పీతలు వేసిన ముగ్గులన్నీ పోయాయి. జొన్నరొట్టె, ఊరిబిండి, పెరుగన్నం వరండాలోనే తిన్నాం. తొమ్మిదిన్నర దాటాక టార్చి వేసి చూస్తే మా వదిన గుచ్చిన పుల్ల ఇంకా నిలబడే ఉంది. దాని చుట్టూ నురగ. "రేప్పొద్దున ఇంకా లేటుగా వస్తాది కదా?" అంది వదిన. వస్తుందన్నాను. చూడకుండానే బయల్దేరాలి, బస్సు ఎనిమిదింటికే. నాకు ఎంతో కష్టమనిపించింది. ఒక్కరోజు ఊరికే కూర్చోవడం నేర్చుకోవడానికే మాకు సగం రోజు పట్టింది.

మరునాడు సాయంత్రానికి ఇల్లు చేరాం. వంటింట్లో ఉన్న గిన్నెలన్నీ తొట్టిలో ఉన్నాయి. మా ఆయన కాఫీ మాత్రం తనే కలిపిచ్చాడు, ఆ మాట చెప్పాలి.

"ఏముందిమా ఆడ, అంత దూరం పోయి చూడ్డానికి?" అని వాళ్ళమ్మను అడిగాడు.

"నీళ్ళు రా" అంది మా అత్త, చెప్పులకు అంటిన ఇసుక గడప బయట దులుపుతూ. "వస్తాయి, పోతాయి. మన కొళాయి వచ్చిందా ఈ పొద్దు?"